గడియారం వెనక మూడు అక్షరాలు

నాన్న పోయిన పదకొండో నెలలో అమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి గడియారం తీసి నా చేతిలో పెట్టింది.

"ఏడాది నాటికి ఇది నడవాల," అంది. "పటం కాడ ఎడతాను. ఆయన ఉన్నన్నాళ్ళూ బాగుసేయించనే నేదు."

పాత మల్లు పంచె ముక్కలో చుట్టిన చేతిగడియారం అది. బంగారు కేసు. స్విట్జర్లాండులో చేసింది. నాన్న దగ్గరికి వచ్చేనాటికే దాని వయసు పాతికేళ్ళ పైమాట. నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో, రైలు పెట్టెలు బాగుచేసే విభాగంలో వడ్రంగి. మా వరస క్వార్టర్లలో అలాంటి వస్తువు ఇంకెవరింట్లోనూ లేదు. ఆ సంగతి అమ్మ ఎవరికీ చెప్పకుండా ఉండేది కాదు.

తీసుకున్నాను కానీ పది రోజులు దుకాణానికి వెళ్ళలేదు. రోజూ బడికి సంచిలో పెట్టుకుని వెళ్ళడం, సాయంత్రం అలాగే తీసుకురావడం. నేను రైల్వే బడిలో తెలుగు మీడియం పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. బోర్డు మీద లెక్క వేస్తూ మధ్యలో ఆగి, సంచి కుర్చీ మీదే ఉందా అని వెనక్కి తిరిగి చూసేదాన్ని. సుద్ద పట్టుకున్న చెయ్యి ఎక్కడ ఆగిందో మళ్ళీ వెతుక్కోవలసి వచ్చేది.

కారణం ఆ గడియారం వెనక మూత మీదున్న మూడు ఇంగ్లీషు అక్షరాలు. ఒకదానిలో ఒకటి అల్లుకున్నట్టు, వంపులు తిరిగి ఉంటాయి. అవి నాన్న పేరులోవి కావు.

నేను ఐదో క్లాసులో ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాక ఒక ఆదివారం గడియారం అడిగి తీసుకుని, కూడబలుక్కుని చదివాను. నాన్న దగ్గరికి వెళ్ళి, "నాన్నా, ఇందులో నీ పేరు లేదేటి?" అన్నాను. ఆయన బూట్లకు నూనె రాస్తున్నారు. తల ఎత్తలేదు. "దొరలు అలాగే రాస్తారు," అన్నారు. అది నిజం కాదని నాకు తెలిసింది, నాకు తెలిసిందని ఆయనకూ తెలిసింది. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు ఆ మాట మా మధ్య రాలేదు. నేను ఎన్ని పుస్తకాలు చదువుతున్నా ఆయన మెచ్చుకునేవారు కానీ, ఇంగ్లీషు పుస్తకం చేతిలో ఉంటే మాత్రం ఆ గదిలోంచి లేచి వెళ్ళేవారు.

చివరకు ఆ మాట ఎత్తింది ఆయనే. రైల్వే ఆస్పత్రిలో, మధ్యాహ్నం, అమ్మ క్యారియర్ కడుక్కురావడానికి వెళ్ళినప్పుడు.

"ఆ గడియారం ఎనకాల ఉన్నాది నా పేరు కాదమ్మీ."

"తెలుసు నాన్నా."

"నాకూ తెలుసు, నీకు తెలుసని." గుమ్మం వైపు చూశారు. "నువ్వు మీ అమ్మకి సెప్పలేదు గదా?"

"లేదు."

అప్పుడు చెప్పారు. స్వాతంత్ర్యం వచ్చిన నాలుగైదేళ్ళకు, మెయిల్ బండి నడిపే ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు కుటుంబంతో ఇంగ్లండు వెళ్ళిపోతూ సామాను పెట్టెలు చేయమని నాన్నను పిలిచాడు. నాన్న నెల రోజులు డ్యూటీ అయ్యాక అతని బంగళా వరండాలో కూర్చుని పద్నాలుగు పెట్టెలు చేశారు. పియానోకు చేసిన పెట్టె చూసి డ్రైవరు చేతికున్న గడియారం విప్పి ఇచ్చాడట. వెనక ఉన్నవి అతని పేరులోని మొదటి అక్షరాలు. ఇంటికి తెస్తే అమ్మ తిప్పి చూసి, "ఏటి రాసుంది?" అంది. "నా పేరే," అన్నారు నాన్న.

"ఆటకి అన్నానమ్మీ. మర్నాడు సెప్పేద్దామనుకున్నాను. మీ అమ్మ అప్పటికే మన క్వార్టర్ల లైను మొత్తం సాటింపేసీసింది."

తర్వాత నా చెయ్యి పట్టుకుని, "నా పేరు సెక్కించెయ్. అప్పుడది అబద్దం కాదు," అన్నారు.

సరేనన్నాను. అప్పుడు అడగవలసిన మాట ఒకటి ఉంది. మరి అమ్మ చెయ్యి? అది నేను అడగలేదు. అమ్మ క్యారియర్‌తో తిరిగి వచ్చింది. ఆ మాట అడిగే వీలు మళ్ళీ దొరకలేదు.

అమ్మ చేతి సంగతి చెప్పాలి. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. చేతి మీద పొడిపించుకోవడానికి అడ్డు లేదు. గడియారం వచ్చిన కొద్ది నెలలకు పచ్చబొట్లు పొడిచే ఆవిడ మా క్వార్టర్ల వైపు వచ్చింది. పక్కింటివాళ్ళు తేలూ, సీతమ్మవారి జడా, మొగుడి పేరూ పొడిపించుకుంటున్నారు. ఆవిడకు చదువు రాదు, అమ్మకూ రాదు. అమ్మ లోపలికి వెళ్ళి గడియారం తెచ్చి బోర్లా పెట్టి, "ఇది దింపెయ్," అంది. మూడు సూదులు కలిపి కట్టి ఆవిడ ఆ మూడు అక్షరాలనూ అమ్మ ముంజేతి లోపలి వైపు దింపేసింది. నాన్న సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చేసరికి అమ్మ చేతికి పసుపు రాసుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. చూపించింది. నాకు అప్పుడు ఏడేళ్ళు. నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు. "నొప్పెట్టిందని నామీద జాలి," అని అమ్మ అందరికీ గర్వంగా చెప్పుకుంది.

ఇక ఆయన ఆ గడియారం పెట్టుకోలేదు. విశ్వకర్మ పూజనాడు మాత్రం ఇంట్లో పనిముట్ల పక్కన పెట్టి, సాయంత్రానికి మళ్ళీ పెట్టెలో దాచేసేవారు. ఏడాది తిరిగేసరికి అది ఆగిపోయింది. గోల్‌బజార్‌లో గడియారాల దుకాణం ఉంది, కానీ అక్కడికి తీసుకెళితే మూత తిప్పి చూస్తారు. దుకాణం ముందు ఎప్పుడూ మనవాళ్ళే నలుగురు నిలబడి ఉంటారు.

పదకొండో రోజున వెళ్ళాను. దుకాణం నడిపే పెద్దాయన తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాడు. మా ఫిట్టర్ల దగ్గర నేర్చుకున్న తెలుగు, మా యాసే మాట్లాడేవాడు. బడి పంతులమ్మనని చూడగానే తెలిసిపోయింది కాబోలు, వాళ్ళ భాషలో పంతులమ్మను పిలిచే మాటతోనే పలకరించాడు.

"ఏటి దీదీమొణి, ఎన్నాళ్ళయింది ఇది ఆగి?"

"పదహారేళ్ళు."

"పదహారేళ్ళు! మా గోల్‌బజార్ మీద అంత కోపమేటి?" అని నవ్వాడు. "ఎవరిది?"

"మా నాన్నది."

"బాబుని తీసుకు రావాల్సింది. నాలుగు తిట్లు తిట్టేవాణ్ణి."

"పోయారు."

ఆయన కంటికున్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. కాసేపాగి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత ఇద్దరమూ గడియారం గురించే మాట్లాడాం. అందుకు ఆయన మీద గౌరవం కలిగింది. అప్పటికి పది నెలలుగా నన్ను ఓదార్చని మనిషి ఆయనే.

సన్న కత్తితో వెనక మూత ఎత్తి లోపల చూపించాడు. నూనె అంతా ముదిరి గోధుమరంగు బంకలా అయింది. స్ప్రింగు తెగింది. ఊగే చక్రం ఇరుసు ఒకవైపు అరిగింది. అన్నీ విప్పి పెట్రోలుతో కడగాలి, ఇరుసు తనే చేయాలి, స్ప్రింగు కలకత్తా నుంచి తెప్పించాలి. ముఖం మీద ఆరో అంకె దగ్గర చెమ్మ మచ్చ ఉంది. "ఇది తిరగరాయించనా? కొత్తదానిలా వస్తాది."

"వద్దు. నడిస్తే చాలు."

"శాబాష్. చాలామంది కొత్తది చెయ్యమంటారు. కొత్తది కావాలంటే కొత్తదే కొనుక్కోవచ్చు కదా?" మూత బోర్లించాడు. "ఈ పేరెవరిది?"

దుకాణం ముందు ఇద్దరు వర్క్‌షాపు కళాసీలు నిలబడి ఉన్నారు. మనవాళ్ళే. "పాత యజమానిది," అన్నాను, గొంతు తగ్గించి. "తీసెయ్యండి. ఆ చోట ఇది వెయ్యాలి." నాన్న పేరు ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాసి తెచ్చిన కాగితం ఇచ్చాను.

ఆయన బొటనవేలితో మూత మందం చూశాడు. "బంగారం ఉంది. తీయొచ్చు. కానీ దీదీమొణి, తీసింది మళ్ళీ పెట్టలేం."

"తెలుసు."

"ఠీక్ హై. లోపలి పని ముందు. కేసు పని ఆఖర్న."

నాలుగు వారాలన్నాడు. సంవత్సరీకానికి అంతకు పైన పది రోజులున్నాయి.

ఆ నాలుగు వారాలూ నేను ఏ పనీ కుదురుగా చేయలేదు. పుస్తకం తెరిస్తే ఒకే పేజీ. గోల్‌బజార్ వైపు పని లేకపోయినా వెళ్ళి, దుకాణం అవతలి వైపు నిలబడి, ఆయన తల వంచుకుని ఉంటే మా గడియారమేనా అని చూసి తిరిగి వచ్చేదాన్ని. ఒకసారి ఆయన నన్ను చూసి, "అక్కడ నుంచుంటే బేగి అవదు దీదీమొణి!" అని కేకేశాడు. వర్క్‌షాపు సైరను మోగినప్పుడల్లా లేచి నిలబడేదాన్ని. నాన్న ఉన్నప్పుడు ఆ సైరనుకు అన్నం వడ్డించే అలవాటు. ఇప్పుడు లేచాక ఎందుకు లేచానో తెలిసేది కాదు. అమ్మ మాత్రం స్థిమితంగానే ఉంది. గడియారం పెట్టడానికి నాన్న చేసిన చిన్న స్టూలు ఒకటి తీసి, పుల్లతో పగుళ్ళలోని మట్టి గీకుతూ కూర్చునేది.

నాలుగో వారం మంగళవారం సాయంత్రం. అమ్మకు కీళ్ళ నొప్పులు. చేతులకు నూనె రాస్తున్నాను. పదిహేడేళ్ళకు ఆ అక్షరాలు కాస్త పరుచుకున్నాయి, రంగు ఆకుపచ్చకు తిరిగింది, చర్మం వదులై మధ్య అక్షరం కొంచెం వంగింది.

"గడియారం రేపేనా ఎల్లుండా?" అంది.

"శనివారం అమ్మా. ఇంకా కేసు పని ఉంది."

"రానీ. దాన్నీ దీన్నీ పక్కన పక్కన ఎట్టుకుంటాను. కళ్ళు ఆనవు గానీ ఏలికి తెలుస్తాది." బొటనవేలితో ముంజేతి మీది మొదటి అక్షరం మీద గీసుకుంటూ వెళ్ళింది, చూడకుండానే, పైనుంచి కిందికి, వంపు తిరిగి, మళ్ళీ పైకి. "దానిమీదా ఇలాగే ఎల్తాది. ఇన్నేళ్ళూ ఆయన డ్యూటీకెళ్ళాక తీసి రాసుకునేదాన్ని, నీకు తెలీదు."

నాకు నిజంగానే తెలియదు. నాన్నకూ తెలిసి ఉండదు. ఆయన దాచేసి మరిచిపోదామనుకున్నదాన్ని అమ్మ రోజూ తీసి వేలితో చదువుకుంది.

అప్పుడు అర్థమైంది, నేను ఏం చేయించబోతున్నానో. గడియారం మీద నిజమైన పేరు పడిన రోజున అమ్మ చేతి మీది పేరు అబద్ధమైపోతుంది. గడియారం మీది అక్షరాలు చెరపొచ్చు. చెయ్యి సంగతి? పదిహేడేళ్ళుగా పరాయి మగవాడి పేరు ఒంటి మీద మోసిందని, మొగుడు చూస్తూ ఊరుకున్నాడని, కూతురు కూడా ఊరుకుందని తెలుస్తుంది. ఆస్పత్రిలో నాన్న తన అబద్ధం ఒక్కటే చూసుకున్నారు. నేనూ అంతే. ఇద్దరమూ మా మనసు తేలిక కావాలని చూశాం.

కేసు పని బుధవారం మొదలుపెడతానని ఆయన చెప్పి ఉన్నాడు. ఆ సాయంత్రం దుకాణం మూసేసి ఉంటాడు.

మర్నాడు బడిలో మొదటి రెండు పీరియడ్లు ఎలాగో గడిపాను. విరామం గంట కొట్టగానే పెద్ద పంతులమ్మకు ఒంట్లో బాగోలేదని చెప్పి రిక్షా ఎక్కాను. దగ్గర దారని రిక్షా అతను పూరీ గేటు వైపు తిప్పాడు. గేటు వేసి ఉంది. గూడ్సు బండి ఒకటి ముందుకీ వెనక్కీ షంటింగు చేస్తోంది. వ్యాగన్లు లెక్కపెట్టాను. బండి వెనక్కి వచ్చేసరికి లెక్క పోయింది. రిక్షా అతను బీడీ వెలిగించాడు. దిగి, గేటు దగ్గరికి నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చాను. లెక్కలు చెప్పే మనిషినే అయినా, బొటనవేలంత బంగారం ముక్క మీద మూడు అక్షరాలు చెరపడానికి ఎంతసేపు పడుతుందో అంచనా వేయలేకపోయాను.

దుకాణంలో ఆయన మూతను చెక్క బిగింపులో పెట్టి, సన్నటి రాయితో అరగదీస్తున్నాడు.

"ఆపండి."

ఆపాడు. నా మొహం చూసి మూత నా వైపు తిప్పాడు. మొదటి అక్షరం లేదు. ఆ చోట బంగారం కొత్తగా, నున్నగా మెరుస్తోంది. మిగతా రెండూ ఉన్నాయి.

"ఏటయింది దీదీమొణి? పేరు తప్పు రాసిచ్చినారా?"

అప్పుడు చెప్పాను. పుట్టి బుద్ధెరిగాక ఆ సంగతి ఇంకొక మనిషికి చెప్పడం అదే మొదటిసారి. పెట్టెలూ, డ్రైవరూ, పచ్చబొట్టూ అన్నీ. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మీ బాబు ఎంత కష్టపడినాడో," అన్నాడు. తర్వాత తల గోక్కున్నాడు. "మళ్ళీ చెక్కొచ్చు. బంగారం ఉంది. కానీ నా దగ్గర నమూనా లేదు. ఇలాంటి వంపు నేను గుర్తు పెట్టుకోలేదు. మీకు గుర్తుందా?"

గుర్తుంది కానీ గీయగలిగేంతగా లేదు.

"నమూనా ఇంట్లో ఉంది," అన్నాను.

బడిలో పిల్లలు పటాలు దింపుకోవడానికి వాడే పల్చటి కాగితం తెచ్చాను. మధ్యాహ్నం అమ్మ చాప మీద పడుకుని నిద్రపోతోంది, ఎడమ చెయ్యి చాచి. కాగితం ఆ చేతి మీద పరిచి పెన్సిలుతో మొదటి అక్షరం దింపడం మొదలుపెట్టాను. సగం అయ్యేసరికి అమ్మ కళ్ళు తెరిచింది.

"ఏటి సేస్తన్నావే?"

దొంగతనంలో దొరికినట్టయింది. అబద్ధం ఏదీ తట్టలేదు. నిజంలో సగం చెప్పాను.

"గడియారం మీద మొదటి అచ్చరం అరిగిపోయిందమ్మా. మళ్ళీ చెక్కాలంటే నమూనా కావాలంట."

"ఓలమ్మీ! మరి నన్ను నిద్దర నేపి సెప్పొచ్చు గదా?" అంటూ లేచి కూర్చుంది. గోడకు చేరగిలి, చేతిని మోకాలి మీద తిన్నగా పెట్టి, రెండో చేత్తో చర్మాన్ని కొంచెం బిగలాగి పట్టింది. పచ్చబొట్టు పొడిపించుకున్న నాడు కూడా అలాగే కూర్చుంది. "ఇప్పుడు దింపు. కదలను. దాన్ని సూసి దీన్ని ఏసినారు, దీన్ని సూసి దాన్ని ఏత్తన్నారు," అని నవ్వింది. నాన్న పోయాక అమ్మ అలా నవ్వడం చూడలేదు.

ఒకసారి చెరిపి మళ్ళీ దింపాను.

దుకాణంలో పెద్దాయన ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చూశాడు. తర్వాత మిగిలిన రెండు అక్షరాలను చూశాడు. "అడుగున ఈ కొక్కెం ఉండకూడదు. దొర అక్షరంలో ఉండదిది. సూది జారింది. తీసేసి చెక్కనా?"

"ఉంచండి."

"తప్పు కదా?"

"చేతి మీద ఉంది కదా."

నేను రాసిచ్చిన నాన్న పేరు కాగితం మడిచి వెనక్కి ఇచ్చాడు. దాన్ని పర్సులో పెట్టుకున్నాను. నాన్న నన్ను అడిగింది ఆ ఒక్కటే. అది నేను చేయలేదు. మంచిపని చేశానన్న తృప్తి కూడా కలగలేదు.

శనివారం గడియారం వచ్చింది. ముఖం మీది మచ్చ అలాగే ఉంది. లోపల మాత్రం అన్నీ శుభ్రమై, కొత్త ఇరుసు మీద చక్రం ఊగుతోంది. మూడు రోజులు దుకాణంలో నడిపి చూశానని, రోజుకు అర నిమిషం వెనక పడుతుందని, ఈ వయసుకు అది తప్పు కాదని పెద్దాయన చెప్పాడు.

సంవత్సరీకం రోజు పొద్దున్న సైరను మోగగానే ముల్లు సరిచేసి అమ్మ చేతికిచ్చాను. చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు వింది. తర్వాత బోర్లించి బొటనవేలితో రాసింది. మొదటి అక్షరం, అడుగున కొక్కెం, రెండోది, మూడోది. తన ముంజేతి మీద అలాగే రాసుకుంది. మళ్ళీ గడియారం మీద.

"ఒక్కలాగే ఉన్నాది," అంది. తర్వాత నా వైపు చాపింది. "ఇన్నేళ్ళలో నిన్నెప్పుడూ అడగలేదు. సదువుకున్నదానివి. ఏటి రాసుందో పైకి సదువు. నేను అనకూడదు గానీ ఇనొచ్చు."

గడియారం తీసుకున్నాను. ఆ మూడు అక్షరాలు చూస్తూ, నాన్న పేరు, ఇంటిపేరుతో సహా, మెల్లగా పైకి చదివాను.

అమ్మ కళ్ళు మూసుకుని వింది. "అంత పేరు మూడు గీతల్లో పట్టిందేటి?" అంది.

"దొరలు అలాగే రాస్తారమ్మా," అన్నాను.

"మీ నాన్నా ఇలాగే అన్నారు." గడియారం స్టూలు మీద పెట్టబోయి ఆగి, మళ్ళీ నా చేతికే ఇచ్చింది. "ఇంకోపాలి సదువు."

చదివాను.